సీటుకు తగ్గ జీతం ఇవ్వాలి

దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో తెల్లవారుజామున బస్సెక్కి కోర్టుకు వచ్చిన కక్షిదారుకు మొదట ఎదురుపడేది గుమాస్తా. వాయిదా తేదీ చెప్పడం, తీర్పు నకలు చేతికివ్వడం, ఏళ్లనాటి దావా కట్టను రికార్డు గదిలో వెతికి తీయడం అతని పని. ఆ మనిషి జూనియర్ అసిస్టెంటా, నకళ్లు తయారుచేసే కాపీయిస్టా, కట్టలు భద్రపరిచే రికార్డ్ అసిస్టెంటా అన్నది కక్షిదారుకు తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. ఆ తేడా తెలిసేది జీతాల బిల్లులోనే.

తెలంగాణ 2020 వేతన స్కేళ్లలో జూనియర్ అసిస్టెంటు మూలవేతనం 24,280 రూపాయలతో, కాపీయిస్టుది 22,900తో, రికార్డ్ అసిస్టెంటుది 22,240తో మొదలవుతాయి. మొదటి కొలువుకు డిగ్రీ, మిగతా రెండింటికి ఇంటర్మీడియట్ కనీస విద్యార్హత; కాపీయిస్టుకు టైపింగ్ పరీక్ష అదనం. కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం మూలవేతనం మీదే లెక్కగడతారు కాబట్టి, నెలకు వెయ్యీ రెండువేలుగా మొదలైన అంతరం ఏటికేడు పెరుగుతూ పోతుంది.

చదువును బట్టి వేతనంలో తేడా చూపడం దానంతట అదే తప్పని మేము అనడం లేదు, చట్టమూ అనదు. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో మహబూబ్‌నగర్‌కు పొరుగునే ఉన్న రాయచూరు జిల్లా మైసూరుకు వెళ్లినప్పుడు, పాత హైదరాబాద్ రాష్ట్ర ఉద్యోగులు కొందరు కూడా ఆ రాష్ట్రానికి బదిలీ అయ్యారు. వారిలో ఇంజినీరింగ్ శాఖలో పటాలు గీసే ట్రేసర్లున్నారు. మెట్రిక్ చదివినవారికి ఒక స్కేలు, చదవనివారికి ఇంకో స్కేలు పెట్టడంపై ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళితే, విద్యార్హత ఆధారంగా వర్గీకరించడం ప్రభుత్వ కొలువుల్లో సమాన అవకాశాలకు హామీ ఇచ్చే రాజ్యాంగంలోని 16వ అధికరణకు విరుద్ధం కాదని ధర్మాసనం తేల్చింది. ఆ తర్వాత 1982లో రణధీర్ సింగ్ కేసులో, సమాన పనికి సమాన వేతనం రాజ్యాంగం నిర్దేశించిన లక్ష్యమని అదే న్యాయస్థానం స్పష్టం చేసింది. ఈ రెండు తీర్పులనూ కలిపి చదివితే అర్థమయ్యేదొకటే: చదువులో తేడా పనిలోనూ కనబడినంత మేరకే జీతంలో తేడాకు సమర్థన ఉంటుంది.

కోర్టుల్లో ఆ తేడా ఎంతవరకు మిగిలింది? 2022 జూన్ 2న కొత్త జ్యుడీషియల్ జిల్లాలు మొదలయ్యాక ఉమ్మడి నల్లగొండ మూడుగా, ఉమ్మడి మహబూబ్‌నగర్ అయిదుగా విడిపోయాయి. సూర్యాపేటకు, భువనగిరికి, నాగర్‌కర్నూల్‌కు, వనపర్తికి, గద్వాలకు, నారాయణపేటకు జిల్లా కోర్టులు దగ్గరైనందుకు మేము సంతోషించాం. కోర్టు పెరిగితే కాగితమూ పెరుగుతుంది. ఖాళీ ఉన్న చోట ఎవరు దొరికితే వారిని ఆ సీటులో కూర్చోబెట్టడం తప్పనిసరవుతుంది. ఉదయం కట్టలు మోసిన రికార్డ్ అసిస్టెంటే మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుని వాయిదాల వివరాలు ఎక్కిస్తాడు. జడ్జి ఎదుట కేసుల కాగితాలు చూసే బెంచి క్లర్కు లేని రోజున కాపీయిస్టే పేషీ నడిపిస్తాడు. ఆ సీటులో పొరపాటు దొర్లితే, నేను ఇంటర్మీడియట్ వాడినంటే మెమో ఆగదు. బాధ్యతను మోపినప్పుడు అడగని పట్టాను జీతం అడిగినప్పుడు చూపించమనడం అన్యాయం.

ఇందులో మరో వైపు కూడా ఉంది. ఉద్యోగాలు కరవైన మన జిల్లాల్లో డిగ్రీలు, పీజీలు చదివిన పిల్లలు పదో తరగతి చాలన్న, కోర్టు నోటీసులు అందజేసే ప్రాసెస్ సర్వర్ కొలువులకు కూడా పోటీ పడుతున్నారు. వారికి ఆ కొలువు స్కేలే తప్ప చదువుకు తగిన వేతనం దక్కదు, ఎందుకంటే అక్కడ ప్రభుత్వం చూసేది పోస్టును. చదువు ఎక్కువున్నవారి విషయంలో పోస్టే లెక్క అనీ, పెద్ద పోస్టు పని చేస్తున్నవారి విషయంలో చదువే లెక్క అనీ ఏకకాలంలో అనడం కుదరదు. డిగ్రీతో, పోటీ పరీక్షతో వచ్చిన జూనియర్ అసిస్టెంట్లు తమ శ్రమకు విలువ తగ్గుతుందేమోనని పడే బెంగ మాకు అర్థమవుతుంది. వారి స్కేలులో ఒక్క రూపాయి కూడా తగ్గించమని మేము కోరడం లేదు.

సమానత్వం కోరే ఉద్యోగి, తాను చేసే పని పై కొలువు పనితో సమానమని తానే నిరూపించుకోవాలని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చెబుతోంది. చిక్కంతా అక్కడే ఉంది. నోటిమాటగా అప్పగించిన పనికి రుజువేది? పక్కవాడి తగాదాలకు తేదీతో సహా రికార్డు రాసే గుమాస్తాకు తన పనికి మాత్రం రికార్డు ఉండదు.

కాబట్టి ప్రతి కోర్టులోనూ ఏ సీటులో ఎవరు, ఏ తేదీ నుంచి పనిచేస్తున్నారో రాతపూర్వక ఉత్తర్వు ఇచ్చి, సర్వీసు రిజిస్టరులో నమోదు చేయాలి. నిర్ణీత వ్యవధి దాటి పై సీటు పని చేసినవారికి మరో పోస్టు బాధ్యత కూడా మోసే ఉద్యోగికి అదనపు వేతనమిచ్చే సర్వీసు నియమం ఫండమెంటల్ రూల్ 49 స్ఫూర్తితో అదనపు వేతనం చెల్లించాలి. కాపీయిస్టు పేరు కంప్యూటర్లు రాకముందు నాటిది. నేడు ఆ ఉద్యోగి చేస్తున్నదేమిటో కొత్తగా మదింపు చేసి, హైకోర్టు తన సిఫార్సును ప్రభుత్వానికి పంపాలి. శాఖాపరమైన పరీక్షలు పాసై, ఏళ్ల తరబడి అదే పని చేసి నిరూపించుకున్నవారికి ప్రవేశ విద్యార్హతను అడ్డుగోడగా నిలపకుండా నియమావళిని సవరించాలి. వీటిలో రాతపూర్వక ఉత్తర్వుకు బడ్జెట్టూ అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. జిల్లా కోర్టులు దాన్ని వచ్చే నెల నుంచే అమలు చేయవచ్చు.