సవరణ: బెదిరిన కుక్కకు తొలి రోజులు
పర్లాకిమిడిలో వీధి నుంచి ఇంటికి తెచ్చుకున్న కుక్కల గురించి ఇదివరకు రాసినప్పుడు, తొలి మూడు రోజులూ దాన్ని దాని మానాన వదిలేయమన్నాను. ఆ మాటను కొందరు కుక్కను గదిలో పెట్టి గొళ్లెం వేయమనో, పెరట్లో గొలుసుతో కట్టేయమనో అర్థం చేసుకున్నారని తెలిసి ఈ వివరణ ఇస్తున్నాను.

కట్టేసిన కుక్కకు భయం పుడితే తప్పుకొనే దారి ఉండదు, అందుకే కరుస్తుంది. దానికి కావలసింది మనుషుల అలికిడి వినిపించే ఒక మూల, పాత గోనెసంచి, నీళ్ల గిన్నె, తనంతట తాను బయటికి రాగలిగేలా తెరిచిన తలుపు. రథయాత్ర బాజాల వేళ మాత్రం వీధి తలుపు తప్పక మూసి ఉంచాలి.

మంచం కింద దూరి, తోక కాళ్ల మధ్య ముడుచుకుని, పదేపదే పెదవులు నాక్కుంటూ, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తున్న కుక్కను చేయి పెట్టి లాగకూడదు. కాస్త దూరంలో పక్కకు తిరిగి నేలమీద కూర్చుని, ఉడికించిన గుడ్డు ముక్క ఒకటి దానివైపు జరిపి ఊరుకోవాలి. గుర్రుమంటే కొట్టకండి. ఆ హెచ్చరికను అణిచేస్తే తర్వాత హెచ్చరించకుండానే కరుస్తుంది.

మూడు రోజులన్నది గడువు కాదు, కొన్నిటికి నెలలు పడుతుంది. అయితే తిండి మానేసి వాంతులు, నెత్తురు విరేచనాలు అవుతుంటే, ముఖ్యంగా కుక్కపిల్లల్లో, అది పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. అదే రోజు పశువైద్యశాలకు తీసుకువెళ్లండి.