మెరుగు పెట్టే మహానుభావులు

అమెరికాలో పాత తుపాకుల సంతకు వెళ్లిన వారెవరికైనా ఈ చీటీ పరిచయమే. 1880ల నాటి స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ జేబు రివాల్వర్ ఒకటి ఎర్ర మఖమల్ గుడ్డ మీద కొలువుదీరి, కళ్లు చెదిరేలా మెరుస్తూ ఉంటుంది. పక్కనే చేతిరాతతో చీటీ: ‘అసలు నికెల్ పూత. పూర్తిగా పునరుద్ధరించినది.’ అసలు పూతే ఉంటే పునరుద్ధరించింది దేనిని? పునరుద్ధరిస్తే అసలు పూత ఎక్కడికి పోయింది? ఇలాంటి ప్రశ్నలు వేసేవాడు కొనే రకం కాదని బల్ల వెనుక పెద్దమనిషి ఇట్టే పసిగట్టి, పక్కవాడి వైపు తిరుగుతాడు. వ్యాపారం తెలిసిన మనిషి.

ఈ మహానుభావుల ఘనత అర్థం కావాలంటే వాళ్లు దేనిని అరగదీస్తున్నారో కాస్త తెలియాలి. బోస్టన్‌కు చెందిన ఐజాక్ ఆడమ్స్ నికెల్ పూత పద్ధతికి పేటెంటు పొందింది 1869 ఆగస్టు 3న. అప్పట్లో తుపాకిమందు కాల్చిన ప్రతిసారీ దట్టమైన మసి మిగిల్చేది. ఆ మసి గాలిలోని తేమను పీల్చుకుని ఉక్కును తినేసేది. జేబులో పెట్టుకుంటే ఒంటి చెమట దానికి తోడు. ఉక్కుకు వేసే మామూలు నీలి పూత ఈ రెండింటి ముందూ చేతులెత్తేసింది, నికెల్ తట్టుకుంది. 1870లో అమెరికా సైన్యం 1,000 స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 3 రివాల్వర్లు కావాలని కోరితే, వాటిలో సుమారు 200 నికెల్ పూతతోనే వెళ్లాయి. ఆ పూత క్రోమియంలా చల్లని తెలుపు కాదు, అందులో లేత పసుపు ఛాయ ఉంటుంది. నూరేళ్లు దాటాక అక్కడక్కడ పాలపొరలాంటి మసక కమ్ముతుంది. ఎరిగినవాడు ఆ ఛాయను చూసి ముచ్చటపడతాడు. మన జీర్ణోద్ధారకులకు మాత్రం అది మురికి.

ఇత్తడి బిందెను చింతపండుతో ఎంత తోమినా కింద ఇత్తడే ఉంటుంది. నికెల్‌ను తోముతూ పోతే కింద ఉక్కు బయటపడుతుంది. పూత మందం తలవెంట్రుకంత కూడా ఉండదు. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు.

కానీ ఎక్కదు. కనుక శనివారం పొద్దున్నే గ్యారేజీలో మహాక్రతువు మొదలవుతుంది. ఇందులో మన తెలుగువాళ్లేమీ వెనుకబడి లేరు. డాలస్ శివార్లలో తలుపు ఎత్తిన ఒక గ్యారేజీని ఊహించుకోండి. లోపల కర్త బనియనుతో, నల్ల కళ్లద్దాలతో సిద్ధంగా ఉన్నాడు. గుమ్మంలోంచి ఇల్లాలు అడుగుతుంది, ‘ఏమండీ, అందులో గుండ్లు లేవు కదా?’ ‘విప్పినప్పుడు తెలుస్తుందిలే’ అంటాడాయన.

మొదటి ఘట్టం అభిషేకం. తుపాకి గొట్టంలో గుండ్లు వదిలిన రాగి మరకలు వదిలించే అమ్మోనియా ద్రావకాన్ని తుపాకి మొత్తానికీ పట్టించి, కాఫీ తాగడానికి లోపలికి వెళతాడు. కొన్ని తుపాకులకు నికెల్ కింద పలుచని రాగి పొర వేసి ఉంటుంది, ఏ తుపాకికి ఉందో పైకి తెలియదు. ద్రావకం చిన్న బీట దొరికినా లోపలికి దూరి, రాగిని కరిగించి, నికెల్‌ను పొక్కులా పైకి లేపుతుంది. కాఫీ తాగి వచ్చిన కర్త ఆ పొక్కును గోటితో గిల్లి, ‘చూశావా, మురికి ఊడివస్తోంది’ అని ఆనందిస్తాడు. రెండవ ఘట్టం గరుకు కాగితం. మూడవది డ్రిల్లుకు బిగించిన ఉన్ని చక్రం, దాని మీద మెరుగు ముద్ద. చక్రం గిర్రున తిరుగుతుంటే పదునైన అంచులు గుండ్రబడతాయి, మరమేకుల రంధ్రాలు గిన్నెల్లా సొట్టబోతాయి, స్మిత్ గారి పేరు సగం, వెస్సన్ గారి పేరు మొత్తం గాలిలో కలిసిపోతాయి. ఇల్లాలు మళ్లీ వస్తుంది. ‘దేవుడి సామాను కూడా ఆ చక్రం మీద పెట్టరాదూ?’ ఆ ఇంట్లో ఉపయోగపడే ఆలోచన చేసింది ఆమె ఒక్కతే.

చివరి ఘట్టం కొత్త పూత. పూత వేసే దుకాణంవాడికి ఏది వదిలేయాలో తెలియదు, ఈయన చెప్పడు. ఆ కాలపు నికెల్ స్మిత్ అండ్ వెస్సన్‌కు ట్రిగ్గర్ గార్డు నీలంగా, హ్యామరూ ట్రిగ్గరూ రంగురంగుల మచ్చలతో ఉండేవి. ఇప్పుడు అన్నీ కలిపి స్టీలు గరిటెలా తళతళ. తుప్పు తిన్న గుంటలు కూడా మెరుస్తుంటాయి, అదనపు ఖర్చు లేకుండా.

ఆ చక్రం కింద పోయిన అక్షరాల సంగతి చెప్పాలి. గొట్టం పైపట్టీ మీద పేటెంటు తారీఖులు చిన్న అక్షరాలలో కొట్టి ఉండేవి. 1865 జనవరి 17, 24. 1869 ఆగస్టు 24. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని స్మిత్ అండ్ వెస్సన్ కార్ఖానాలో ఒక పనివాడు పట్టీకి సరిగ్గా సరిపోయేలా అచ్చు వేసిన తారీఖులవి. డబ్బూ సరుకూ చేరవేసే వెల్స్ ఫార్గో కంపెనీ, సైన్యం వదిలించుకున్న స్కోఫీల్డ్ రివాల్వర్లను (ఇవీ స్మిత్ అండ్ వెస్సన్‌వే) తీసుకుని వాటి మీద తన పేరు పొడి అక్షరాలు, నంబరు కొట్టించింది. ఆ తుపాకి ఎవరి దగ్గర పనిచేసిందో చెప్పే సాక్ష్యం ఆ నాలుగు అక్షరాలే. నూట నలభై ఏళ్లు చెమట వాటిని చెరపలేదు, తుప్పు చెరపలేదు. నువ్వు అరగంటలో చెరిపేశావు. ఎవరిచ్చారయ్యా నీకా హక్కు? డబ్బిచ్చి కొన్నానంటావా? తుపాకి నీదే. దాని మీది రాత నీది కాదు. నికెల్ మళ్లీ వేయించవచ్చు, అరిగిన ఉక్కును ఏ దుకాణంలో వేయిస్తావు? తెలియక పాడుచేసినవాడిని తిట్టి వదిలేయవచ్చు. పాడుచేసి, తెలిసీ, దాని పక్కన ‘అసలు పూత’ అని చీటీ రాసి ఓ ముసలాయన పొదుపు సొమ్ము పుచ్చుకునేవాడు మోసగాడు. దానికి మెరుగు పెట్టిన మాట నా దగ్గర లేదు.

అయితే శుభ్రం చేయనే కూడదా అంటారు. గుండ్లు లేవని ముందు చూసుకోండి. పిడి చెక్కలు విప్పండి, వాటి కింద తేమ దాక్కుంటుంది. పలుచని నూనె, మెత్తని నూలు గుడ్డ చాలు. పూత లేచిన చోట తుప్పు కనిపిస్తే నూనెలో నాననిచ్చి మెల్లగా అద్దండి, పెచ్చును మాత్రం గిల్లకండి. ఆరాక పలుచగా మైనం పూసి పక్కన పెట్టండి. ఇందులో కరెంటు లేదు, చప్పుడు లేదు, ‘ముందు, తర్వాత’ అని పక్కపక్కన పెట్టి చూపించే ఫోటో లేదు. కాబట్టి ఎవరూ చేయరు.

స్మిత్ అండ్ వెస్సన్ కార్ఖానా తానే పాత తుపాకికి మళ్లీ పూత వేసినప్పుడు, పిడి దగ్గర చిన్న నక్షత్రం గుర్తు కొట్టేది. పని చేసింది తామేనని, ఇది మొదటి పూత కాదని ఒప్పుకోవడానికి ఆ కంపెనీ సిగ్గుపడలేదు. గ్యారేజీ మహానుభావులూ ఆ మర్యాద పాటించాలని నా విన్నపం. నక్షత్రం వద్దు, దానికి కాస్త పరువుంది. డ్రిల్లు బొమ్మ సరిపోతుంది. లోతుగా కొట్టండి. తర్వాత కొనేవాడి దగ్గరా ఒక చక్రం ఉంటుంది.