ముందుమాట దాటని పేజీ గుర్తు గారికి

బ్రాడీపేట, గుంటూరు.

మహారాజశ్రీ పేజీ గుర్తు గారికి,

నమస్కారాలు. మా పఠన బృందం సంచాలకుల వారి ప్రతిలో, టోల్కీన్ ఆంగ్ల నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి సంపుటంలో తమరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. కదలని వారికి ఆపద ఏముంటుంది? తమరు ఒకప్పుడు శుభలేఖ. ఇప్పుడు వినాయకుడి తొండం దాకా మిగిలిన ముక్క పుస్తకంలోంచి తొంగిచూస్తుంటుంది. ఆ పెళ్లికూతురికి బిడ్డ పుట్టి, ఆ బిడ్డకు అన్నప్రాశన కూడా అయింది. తమరింకా ముందుమాటలోనే, హాబిట్లనే ఆ కథలోని పొట్టి మనుషుల పొగాకు దగ్గరే ఉన్నారు.

అక్కడ ఆగినందుకు తప్పు పట్టలేను. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు మనది. హాబిట్ల సీమ అయిన షైర్‌లో ఆ ఆకు మొదట పండించినవాడు లాంగ్‌బాటమ్ వాసి టోబోల్డ్ హార్న్‌బ్లోయర్ అని టోల్కీన్ రాసిన ముక్క పట్టుకుని మొన్నటి సమావేశం సగం నడిచింది. అది నల్లరేగడా, తేలిక నేలా? ఆకు ఎండబెట్టారా, బ్యారన్‌లో క్యూరింగ్ చేశారా? వేలంలో గ్రేడు ఎవరు నిర్ణయించారు? అందరూ మాట్లాడారు. ఆ మాటకొస్తే, పుస్తకంలో ఉన్న విషయం మీద జరిగిన చర్చ అదొక్కటే.

మిగతాదంతా సినిమా. బిల్బో అనే హాబిట్ పుట్టినరోజు విందుకూ, అతని వారసుడు ఫ్రోడో ఊరు విడవడానికీ నడుమ 17 ఏళ్లు గడిచాయని నేనంటే, ఒక పెద్దాయన చేయి అడ్డం పెట్టి, “లేదండీ, వెంటనే బయల్దేరాడు. నేను చూశాను” అన్నారు. ప్రత్యక్ష సాక్షితో ఏమని వాదించను? పుస్తకంలోని మాయా ఉంగరం తొడిగినవారు కనిపించకుండా పోతారు. టామ్ బాంబడిల్ అనే ఆయన దాన్ని చిటికెన వేలికి పెట్టుకున్నా మాయం కాడు. 2001లో వచ్చిన సినిమాలో మాత్రం ఆసాంతం మాయమయ్యాడు. ఆయన మీద అభిప్రాయం అడిగితే సంచాలకుల వారు కళ్లు అరమోడ్చి, “కెమెరా పనితనం అద్భుతం” అన్నారు. చప్పట్లు కూడా పడ్డాయి.

అప్పుడు తమరి వంక చూశాను. ఆ గదిలో ఎక్కడిదాకా చదివారో దాచుకోనిది తమరొక్కరే.

ఇక అసలు సంగతి. వచ్చే నెల రెండో సంపుటంపై చర్చ అని ప్రకటించారు. అంటే తమరికి బదిలీ, అదీ పదోన్నతి మీద. టోల్కీన్ ఒకే నవలగా రాసినదాన్ని 1954, 55లలో మూడు సంపుటాలుగా వేయడానికి యుద్ధం తర్వాత పెరిగిన కాగితం ఖరీదు కారణమంటారు. తమరి సర్వీసు దృష్టిలో పెట్టుకునే వేశారని నా అనుమానం. ఛార్జి తీసుకున్నాక కనీసం రెండో అధ్యాయం దాకా పర్యటించండి. పెద్దాయన ప్రతిలో తమరి హోదా ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉంది. దానికి ప్లాస్టిక్ కవరు విప్పలేదు.

ఇట్లు,
పుస్తకం పూర్తిగా చదివి వచ్చిన నేరానికి, చర్చ మంచి పట్టులో ఉండగా మిరపకాయ బజ్జీలు తెచ్చే బాధ్యత మోస్తున్న సభ్యుడు