సమస్యలకూ ఒక సెమిస్టరు ఉండాలి

సేవాసంఘాల వారికి ఒక విన్నపం. యూనివర్సిటీ విద్యార్థులు కోర్సు ప్రాజెక్టుల్లో భాగంగా తమ వృత్తి నైపుణ్యాన్ని పైసా పుచ్చుకోకుండా మీకు ధారపోయడానికి సిద్ధంగా ఉన్నారు. మీరే సిద్ధంగా లేరు.

అసలు మీ సమస్యలకు క్రమశిక్షణ లేదు. సెమిస్టరు మొదలైన రెండో వారంలో పుట్టి, పరీక్షలకు కాస్త ముందుగా తీరిపోయేదే మర్యాదస్తురాలైన సమస్య. బడి మానేసిన పిల్లలు, ఒంటరి వృద్ధులు అంటూ ఏళ్ల తరబడి తెమలని వ్యవహారాలు నెత్తికెత్తుకుంటే మార్కులు ఎలా వేస్తారు?

పైగా మీకు అడగడం రాదు. ఓ సంఘం వాళ్లు, ఎక్సెల్‌లో దాతల పేర్లు రెండేసిసార్లు పడ్డాయి, కాస్త సరిచేసి పెట్టండి బాబూ అన్నారట. మేనేజ్‌మెంట్ చదివేవాళ్లను అడగాల్సిన పనేనా అది? అయినా కుర్రాళ్లు నొచ్చుకోలేదు. కొత్త లోగో గీశారు, వెబ్‌సైట్ కట్టారు, గీతలు పైకీ కిందికీ కదిలే డ్యాష్‌బోర్డు కూడా పెట్టారు. అందులో దాతల సంఖ్య ఒక్కసారిగా రెట్టింపయింది. పేర్లు రెండేసిసార్లు ఉన్నాయిగా మరి! ఆ గ్రాఫు ప్రాజెక్టు రిపోర్టులో ‘ప్రభావం’ అనే శీర్షిక కింద ఉంది.

ఏడాది తిరిగేసరికి ఆ వెబ్‌సైట్ డొమైన్ గడువు తీరింది. రెన్యూ చేద్దామంటే ఓటీపీ ఎప్పుడో పాసై వెళ్లిపోయిన కుర్రాడి ఫోనుకు పోతుంది. దీనికి కొందరు టెన్షన్ పడుతున్నారు. వెబ్‌సైట్ లేనప్పుడు మీరు ఎలా బతికారో గుర్తు చేసుకోండి, అలాగే బతకండి.

న్యాయ విద్యార్థుల మీద మాత్రం జాలేస్తుంది. ఉచితంగా న్యాయ సలహాలిచ్చే లీగల్ క్లినిక్‌లో వాళ్ల పని మీద ఎప్పుడూ ఓ అనుభవజ్ఞుడి కన్ను ఉంటుంది. మన డ్యాష్‌బోర్డులకు ఆ బెడద లేదు.

అన్నట్టు, అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ 1995లోనే, విద్యార్థులు సేవాసంఘాలకు ప్రాజెక్టులు చేసిపెట్టే ఎపిక్స్ అని ఓ కార్యక్రమం మొదలుపెట్టింది. సీనియర్లూ జూనియర్లూ ఒకే జట్టులో ఉండాలట, ప్రాజెక్టు ఎన్ని సెమిస్టర్లయినా సాగాలట, పాతవాళ్లు వదిలిన పని కొత్తవాళ్లు అందుకోవాలట! ఈ చాదస్తం అంతటా ప్రబలితే రెజ్యూమెల గతేం కాను? మొదలుపెట్టినవాడు ఫౌండర్ అవుతాడు. ఇంకొకరు మొదలుపెట్టినదాన్ని పాడవకుండా చూసుకున్నవాణ్ణి ఇంటర్వ్యూలో ఏమని పిలుస్తారు? ప్రతి బ్యాచ్‌కూ ఓ కొత్త యాప్ ఉండటమే న్యాయం. పాత యాప్ పాస్‌వర్డ్ ఎలాగూ ఎవరికీ తెలియదు.

ఇక విద్యార్థులకు మీరివ్వాల్సిన సర్టిఫికెట్ సంగతి. కొందరు కార్యదర్శులు కాగితం ముందు కూర్చుని, ఇంతకీ మాకు ఏం ఒరిగిందా అని ఆలోచనలో పడి ఆలస్యం చేస్తున్నారు. మీకు ఆ శ్రమ లేకుండా మీ తరఫున పొగడ్తలన్నీ విద్యార్థులే టైపు చేసి తెస్తున్నారు. సంఘం పేరు దగ్గర ఖాళీ వదిలారు. పూరించి సంతకం పెట్టండి. తేదీ మాత్రం సబ్మిషన్‌కు ముందు రోజుది వేయండి.