కాలిన ఇంటికి వకాల్తా

వెనకటికి ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఇప్పుడు చుట్టలు తగ్గాయి, నోటీసులు పెరిగాయి.

మా ఖాళీ ఇల్లు కాలిన పదకొండో రోజున కూల్చివేత ఉత్తర్వు వచ్చింది. ‘తలుపునకు అతికించడమైనది’ అని అందులోనే రాసి ఉంది. తలుపు అప్పటికే బూడిద. లేని తలుపుకు అంటించినట్టు రాసుకుని, ఉన్న గేటు స్తంభానికి అంటించి వెళ్లారు. ఇంకో ప్రతి అదే చిరునామాకు పోస్టులో వేశారు. ఈ ఇంట్లో ఎవరూ ఉండటం లేదు అని తెలియజేసే ఉత్తరాన్ని ఆ ఇంట్లో ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకుంటారని నమ్మిన ఆఫీసువారి ఆశావాదానికి నా నమస్కారం. అప్పీలు గడువు మాత్రం అంటించిన రోజు నుంచే నడుస్తుంది. ఎదురింటాయన ఫోన్ చేసి చెప్పేసరికి సగం గడిచిపోయింది.

ఆ క్షణాన నాకు ఆ ఇంటి మీద ప్రేమ పుట్టింది.

చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు. ఏడేళ్లుగా ఆ గడప తొక్కలేదు నేను. కప్పు కారుతోందని, కిటికీ రెక్క ఊడిందని, రాత్రిళ్లు లోపల ఎవరో బీడీలు కాలుస్తున్నారని ఎదురింటాయన చెబుతూనే ఉన్నాడు. చూద్దాంలెండి అంటూనే ఉన్నాను. అప్పీలు కాగితంలో మాత్రం అది మా వంశపు ఆత్మ. ఆ వాక్యం రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి.

కారణాల కింద చరిత్ర కూడా చేర్చాను. 1814 ఆగస్టులో బ్రిటిష్ సైన్యం వైట్‌హౌస్‌ను తగలబెడితే బయటి గోడలే మిగిలాయి. మూడేళ్లకు, 1817లో, అమెరికా అధ్యక్షుడు మళ్లీ అందులోనే కాపురం పెట్టాడు. పారిస్‌లో నోత్రదామ్ చర్చి కప్పు 2019 ఏప్రిల్ 15న తగలబడింది. 2024 డిసెంబరులో తలుపులు తెరిచారు. వాటి గేటుకు ఎవరైనా నోటీసు అంటించారా అని సూటిగా అడిగాను. వాళ్లు బాగుచేసుకున్నారు కదండీ అని లాయరు గారు ఆ పేరా కొట్టేశారు. నేను మళ్లీ రాశాను.

ఇక సైన్సు. మంట తగిలిన కలప నిమిషానికి సుమారు 0.7 మిల్లీమీటర్ల లోతున బొగ్గవుతుంది. ఆ బొగ్గే దుప్పటిలా లోపలి కలపను కాస్తుంది. అంటే అరగంట మంటకు పోయేది పైపై రెండు సెంటీమీటర్లు. ఉక్కు అలా కాదు, 600 డిగ్రీల వేడికి సగానికి పైగా బలం పోగొట్టుకుంటుంది. అందుకే మా తాతగారి దూలం నల్లగా, వంగకుండా నిలిచి ఉంది. దూలం పాతకాలపుదని వెక్కిరించి మా మామయ్య పక్కనే వేయించిన ఇనుప గర్డరు ఊయలలా వేలాడుతోంది. ఒక కాంక్రీటు స్తంభం లేత గులాబీ రంగుకు తిరిగింది. అందంగానే ఉందనుకున్నాను. కంకర రకాన్ని బట్టి కాంక్రీటు 300 డిగ్రీలు దాటితే అలా తిరుగుతుందట, బలం తగ్గిందేమోనని అనుమానించాల్సిన రంగట. ఫొటోల్లో ఆ స్తంభాన్ని పెట్టలేదు.

ఆఫీసు ఇంజినీరు రోడ్డు మీద నుంచే చూసి ఇల్లు పడిపోతుందని రాశారు. మా ఇంజినీరు గారు హెల్మెట్ పెట్టుకుని వచ్చి, గేటు బయటే నిలబడి, నిలబడుతుందని రాశారు. లోపలికి వచ్చి చూడండి సార్ అన్నాను. అక్కర్లేదండీ, నాకు నమ్మకం ఉంది అన్నారు.

మరమ్మతు చేసుకుందామంటే అనుమతి కావాలి. కూల్చివేత ఉత్తర్వు ఉన్న ఇంటికి అనుమతి ఇవ్వరు. మరమ్మతు చేయలేదు కనుక ఉత్తర్వు ఎత్తేయరు. ఈ రెండూ పక్కపక్క బల్లలే, మధ్యలో ఒక ఫ్యాను. బీమా సంగతి ఎత్తకండి. వరుసగా 30 రోజులో 60 రోజులో ఖాళీగా ఉన్న ఇంటికి చాలా పాలసీలు మొహం చాటేస్తాయి, ఏడేళ్ల మాట చెప్పుకోవడం కూడా దండగ.

స్టే దొరకడం మా అదృష్టం. అది లేకపోతే విచారణ నాటికి ఇల్లు ఉండదు, అప్పీలు ఉంటుంది, కూల్చిన ఖర్చు బిల్లు కూడా ఉంటుంది. కానీ వాయిదాల్లో ఒక చిక్కుంది. మంటలార్పడానికి కొట్టిన నీళ్లు గోడల్లో ఉండగానే, కప్పు లేని గదుల్లో వాన కురుస్తోంది. ఈ వారం బూజు, వచ్చే వారం పగులు. వాయిదా వాయిదాకీ వాళ్ల వాదన బలపడుతోంది, మా గోడ బలహీనపడుతోంది. తక్షణ ప్రమాదం అని రాసిన ఆఫీసువారే మూడుసార్లు గడువు అడిగారు. ప్రమాదం కూడా ఓపిగ్గా కూర్చుంది.

చివరికి అప్పీలు విచారణకు పిలిచారు. చరిత్ర విన్నారు, బొగ్గు లెక్క విన్నారు. అందరిలోకీ పెద్దాయన కళ్లద్దాలు తీసి అడిగారు. “ఉత్తర్వు రద్దు చేస్తే ఆ ఇంటిని ఏం చేస్తారండీ?”

దీనికి మాత్రం నేను సిద్ధమై రాలేదు. నోటికి వచ్చింది చెప్పాను.

“ముందు తాళం వేస్తానండీ.”

ఆయన ఫైల్లో ఫొటో తీసి ఒకసారి చూశారు. “దేనికి?” అన్నారు.