కిటికీ గట్టు మీది నీళ్ల గ్లాసు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నీళ్ల గ్లాసు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఉల్లికాడల మొదళ్లు, క్యారెట్ తల, లెట్యూస్ మోడు, పుదీనా రెమ్మ, అవకాడో టెంక తమరి ఆశ్రయంలో క్షేమంగా ఉన్నాయి, కనీసం దూరం నుంచి చూస్తే అలాగే కనిపిస్తున్నాయి. చెత్తబుట్టకు పోవలసినవాటికి నీడనిచ్చిన తమరి ఔదార్యాన్ని పొగడడానికే కలం పట్టాను. అయితే కొన్ని లెక్కలు తేలవలసి ఉన్నందువల్ల పొగడ్తకు కాస్త ఆలస్యం కావచ్చు.

ముందుగా ఉల్లికాడల సంగతి, ఎందుకంటే తమరి కీర్తికంతటికీ మూలం అవే. తెల్లని మొదలును వేళ్లతో సహా రెండంగుళాలు ఉంచి నీళ్లలో నిలబెడితే, ఒకటి రెండు రోజులకే కోసిన చోట నడిమి నుంచి లేత పచ్చని మొన పొడుచుకు వస్తుంది. బయటి పొరలు ఎక్కడివక్కడ ఆగిపోయి వాడుతుంటే, లోపలి పొరలు మాత్రం పైకి సాగుతూ వారం పది రోజుల్లో మళ్లీ కోతకు అందుతాయి. చూసినవారు అది తమరి మహిమే అనుకుంటారు. నిజానికి పని చేసేది వేళ్లకు సరిగ్గా పైన బిళ్లలా అణిగి ఉండే పొట్టి కాండం; ఖర్చయ్యేది ఆ మొక్క మట్టిలో ఉన్నన్నాళ్లూ ఆ తెల్లని మొదట్లో దాచుకున్న చక్కెర. తమరు సమకూర్చినది నీళ్లు మాత్రమే. చెప్పుకోదగ్గ నత్రజని గానీ, భాస్వరం గానీ, పొటాషియం గానీ తమరి ఖజానాలో లేవు. తాతలు కూడబెట్టిన ఆస్తిని కరిగిస్తూ దర్బారు నడిపే మనవడి వైభవం ఎన్నాళ్లుంటుందో ఈ పచ్చదనమూ అన్నాళ్లే ఉంటుంది: ఒక్కో కోతకు కాడ సన్నబడుతుంది, ఘాటు తగ్గుతుంది, చివరికి మొదలే మెత్తబడి జారిపోతుంది.

క్యారెట్ తల విషయంలో అభియోగం మరింత తీవ్రమైనది. దాని మీద ఈకల్లాంటి ఆకులు లేచేసరికి, కింద కొత్త క్యారెట్ ఊరుతోందని ఎందరు అమాయకులు రోజూ వంగి చూస్తున్నారో తమరికి తెలియనిది కాదు. మనం తినే క్యారెట్ ఒక తల్లివేరు. కోసి తినేసిన తల్లివేరు మళ్లీ పుట్టదు. పైగా క్యారెట్ రెండేళ్ల మొక్క. మొదటి ఏడు వేరులో నిల్వ చేసుకున్నదాన్ని రెండో ఏడు పువ్వుకూ విత్తనానికీ వెచ్చిస్తుంది. ఆ తలను మట్టిలో పెడితే, అదృష్టం బాగుంటే, గొడుగులాగా తెల్లని పూలు పూసి విత్తనమైనా ఇస్తుంది. తమరి దగ్గరుంటే నాలుగు ఆకులు వస్తాయి, కాస్త చేదుగా ఉన్నా తినవచ్చు. ఇంత సంగతీ తెలిసి కూడా తమరు నోరు మెదపకపోవడమే నాకు అభ్యంతరం.

లెట్యూస్ గురించి ఎక్కువ చెప్పను: నడిమిలో గుప్పెడైనా కాని ఆకులు, ఆపైన పూతకొమ్మ, ఆపైన చేదు.

ఇక అవకాడో టెంక. మూడు పుల్లలు గుచ్చి, అడుగు మాత్రమే తడిసేలా వేలాడదీసిన ఆ రాజఠీవికి నమస్కారం. పగలడానికే దానికి వారాలు పడుతుంది. విత్తనం నుంచి ఎదిగిన చెట్టు కాపుకు రావడానికి అయిదేళ్లు చాలా తక్కువ, పదేళ్లు దాటినా ఆశ్చర్యం లేదు. వచ్చిన కాయకు తల్లికాయ రుచి ఉంటుందన్న హామీ కూడా లేదు. కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ 1935లో పేటెంటు పొందిన హాస్ రకం చెట్లన్నీ ఒకే తల్లిచెట్టు నుంచి అంటుకట్టుకుంటూ వచ్చినవే. ఆ తల్లిచెట్టు 2002లో చచ్చిపోయినా సంతానం అదే రుచితో సాగుతోందంటే కారణం అంటు, టెంక కాదు. గ్లాసు అసలే కాదు.

నీటి నిర్వహణ గురించి కూడా ఒక మాట. ఒకటి రెండు రోజులకోసారి నీళ్లు మార్చకపోతే వేళ్లకు జిగురు పడుతుంది, ఆ తరువాత వచ్చే వాసనను ఈ లేఖలో వర్ణించను. డెంగీని మోసే ఏడిస్ దోమకు ఇలాంటి చిన్న పాత్రల్లోని నిలవనీరే ప్రీతి. అది గుడ్లను నీటిమట్టానికి కాస్త పైన, లోపలి గోడకు అంటించిపోతుంది. ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి. కాబట్టి నీళ్లు పారబోసి ఊరుకుంటే చాలదు, తమరి గోడలను రుద్ది కడగాలి. ఇంటి తోట పేరు చెప్పి తమరు ఎవరిని పెంచదలచుకున్నారో ఒకసారి స్పష్టం చేయగలరు.

తమరి వల్ల మేలేమీ లేదనడం అన్యాయమవుతుంది. పుదీనా రెమ్మను కణుపు కింద కోసి, అడుగు ఆకులు దూసి ముంచితే, ఆ కణుపు దగ్గర తెల్లని నూలుపోగుల్లా వేళ్లు దిగుతాయి. బేసిల్ కూడా అంతే. అక్కడివరకు తమరు చేసేది నికార్సయిన పని. ఆ వేళ్లు అంగుళం దాటిన తరువాత కూడా వాటిని కదలనివ్వకపోవడమే నేల విడిచి సాము. అల్లం, వెల్లుల్లి వంటివి అసలు తమరి పరిధిలోనివే కావు. నీళ్లలో వెల్లుల్లి రెబ్బ ఆకు వేస్తుంది గానీ గడ్డ కట్టదు, అల్లం ముక్కయితే కుళ్లుతుంది. మట్టిలో పెట్టిన అల్లానికి కూడా గడ్డ ముదరడానికి ఎనిమిది నుంచి పది నెలలు కావాలి.

కనుక ఈ కింది ఉత్తర్వులు ఈ ఆదివారం నుంచి అమలులోకి వస్తాయి. పుదీనా, ఉల్లికాడలు మట్టికుండీకి బదిలీ అవుతాయి. క్యారెట్ తల ఆకు కోసుకున్నాక ఎరువు కుండకు పోతుంది. లెట్యూస్ మోడు ఈపాటికే పోయింది. అవకాడో టెంకను కదిలించడానికి మా ఇంట్లో మెజారిటీ లేదు గనుక అది తమరి దగ్గరే కొనసాగుతుంది. దానికి కాయ కాసేనాటికి తమరు పగలకుండా ఉంటే, వాయిదా పడిన పొగడ్తను అప్పుడు పంపుతాను.

ఇట్లు,
తమరి నీళ్లు మార్చే విధేయుడు