క్రోనోగ్రాఫ్ అంకె చూసి తుపాకి మందుకి మార్కులేస్తారా?

అమెరికాలో మజిల్‌లోడర్లు (మూతి నుంచి మందూ గుండూ దట్టించే తుపాకులు) కాల్చే మన తెలుగు మిత్రులకి ఒక మనవి. "స్విస్ మందే మందు, మిగతాదంతా బూడిద" అనే పాట ఇక ఆపండి (స్విస్ అంటే స్విట్జర్లాండ్‌లో చేసే నల్ల తుపాకి మందు, అదే బ్లాక్ పౌడర్, బ్రాండు). సెకనుకి ఇన్ని అడుగుల వేగం ఎక్కువొచ్చిందని క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే యంత్రం) ఫొటో పెట్టేస్తే నాణ్యత తేలిపోయినట్టేనా?

అసలు ఆ పోలికలోనే తిరకాసుంది. అందరూ కొలగొట్టంతో పోస్తారు. స్విస్ గుళికలు దట్టమైనవి, అదే కొలతకి అమెరికా బ్రాండు గోఎక్స్ కన్నా ఎక్కువ బరువు పడతాయి. గ్లాసుడు అటుకులూ గ్లాసుడు బియ్యమూ ఒకే బరువు తూగుతాయా? రెండిటినీ తూకం వేసి కాల్చి చూడండి, తేడా తగ్గుతుంది. పూర్తిగా పోదులెండి. సూరేకారం, బొగ్గు, గంధకం అందరివీ అవే అయినా, బొగ్గు ఏ కర్రదో, ఎంత మెత్తగా నూరారో అన్నదాన్ని బట్టి మందు స్వభావం మారుతుంది. (18వ శతాబ్దంలో బ్రిటిష్ మందుకున్న పేరులో మన బీహారు సూరేకారానిదీ పెద్ద వాటానే. అది ఎవరికీ గుర్తుండదు.)

నన్నడిగితే వేగం కన్నా మసి ముఖ్యం. బ్లాక్ పౌడర్ కాలాక సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది, అందులో కొంత తుపాకి గొట్టానికి అంటుకుంటుంది. మొదటి గుండు తగిలిన చోటే అయిదోదీ తగలాలంటే ఆ మసి మెత్తగా ఉండాలి. ఇక్కడ మాత్రం స్విస్‌కే నా ఓటు. పొడి ఎండల్లో గోఎక్స్ మసి పెచ్చు కడుతుంది, గుండు దిగనని మొరాయిస్తుంది. గాలిలో తేమ ఉన్న రోజున అంత ఇబ్బంది ఉండదు. అంటే ఊరిని బట్టి, రోజుని బట్టి తీర్పు మారుతుందన్నమాట.

బ్లాక్ పౌడర్‌కి బదులు వాడే ప్రత్యామ్నాయాల గోల ఇంకోటి. వాటిలో ఒకటైన పైరోడెక్స్ అంటుకోవడానికి వేడి ఎక్కువ కావాలి. ఫ్లింట్‌లాక్ (చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే తుపాకి) పళ్లెంలో అది పోసి, నిప్పు అందలేదని చెకుముకి రాయిని తిట్టుకుంటే ఏం లాభం? దానితో తుప్పు పట్టదన్నదీ అబద్ధమే. అందులో పెర్‌క్లోరేట్ ఉంది, కాలాక తుప్పు పట్టించే క్లోరైడ్ మిగులుతుంది. ఏది కాల్చినా గొట్టాన్ని ఆరోజే నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించాల్సిందే.

ఒకే బ్రాండు మీద భక్తి కూడా మంచిది కాదు. 2021లో గోఎక్స్ ఫ్యాక్టరీ మూసేస్తున్నామనగానే ఎంత టెన్షన్ పడ్డాం! 2022లో ఎస్టెస్ అనే అమెరికా కంపెనీ వాళ్లు కొన్నాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

ఈసారి ఫొటో పెట్టేటప్పుడు మందు తూకమెంతో, గొట్టం తుడవకుండా ఎన్ని గుండ్లు కాల్చారో కూడా రాయండి. అవి లేని పోస్టుకి నా లైక్ లేదు.